నాజూకు

ఉప్పల్ కూడలి నగరమునకు తూర్పు వాకిలి. వరంగల్లు నుండియు, భువనగిరి నుండియు వచ్చు బస్సులు ఇచ్చట ఆగును. నాగోలు నుండి బయలుదేరిన మెట్రో రైలు జనుల తలల మీదుగా సాగిపోవును. ఈ కూడలిలో ఒక గడియసేపు నిలిచి చెవి యొగ్గినచో ఒక మాట పలువురి నోట పలువిధములుగా వినవచ్చును. చీరల దుకాణమువాడు "నాజూకు బట్ట అమ్మా, గట్టిగ పిండొద్దు" అనును. గాజు సామాను బండివాడు పిల్లవానితో "నాజూకుగ పట్టు" అనును. అప్పు తీర్చవలసిన మిత్రుని గురించి ఒకరు "నాజూకుగ తప్పించుకున్నడు" అందురు. ఇంకొకరు ఎండలో నాలుగడుగులు వేయలేని బంధువును చూచి "అబ్బో, మా బావ మహా నాజూకు" అని నవ్వుదురు. మాట ఒక్కటే. బట్టకు పలుచదనము, గాజునకు పగులు గుణము, మిత్రునకు నేర్పు, బావకు ఎగతాళి.

ఇట్టి మాట ఎచ్చటనుండి వచ్చినది, వచ్చి మన భాషలో ఏ పని చేయుచున్నది అని విచారించుట ఈ ప్రసంగములో మా ఉద్దేశము. దీనికి ఉప్పల్, నాచారము ప్రాంతములను నెలవుగా తీసికొనుటకు కారణము కలదు. నగరపు ఈ తూర్పు కొన పొలముల నుండి కార్ఖానాలకును, కార్ఖానాల నుండి ప్రయోగశాలలకును ఒకటి రెండు తరములలో నడచివచ్చినది. ఒక మాట అర్థము మారుటకు మనుష్యుల పనులు మారుటయే మొదటి కారణము గదా.

నాజూకు పారసీక పదము. ఆ భాషలో 'నాజ్' అనగా గారాబము, వయ్యారము, కొంత బెట్టు. దానికి చిన్నతనమును సూచించు ప్రత్యయము చేరి 'నాజుక్' అయినది. ఇస్లామునకు పూర్వపు పారసీకమునందే ఈ రూపము కలదు. దీని భావనామమైన 'నజాకత్' పుట్టుక మరియు చిత్రమైనది. పారసీక పదమును అరబ్బీ వ్యాకరణపు మూసలో పోసి పారసీకులు చేసికొన్న మాట అది. చూచుటకు అరబ్బీవలె నుండును గాని అరబ్బుల సొమ్ము కాదు. సంస్కృతము చదువనివారు సంస్కృతమువలె వినిపించు సమాసములను కల్పించుట మన కొత్త గాదు. పొరుగువారికిని ఆ సరదా యున్నది.

ఈ మాట మన సీమకు వచ్చిన దారి పట్టుకొనుటకు ఉప్పల్ గ్రామపు రికార్డులు చాలును. రెవెన్యూ లెక్కలలో ఈ ఊరికి ఒకటి గాదు, పలు పేర్లున్నవి. ఉప్పల్ ఖాల్సా, ఉప్పల్ భగాయత్, ఉప్పల్ కలాన్. ఖాల్సా యనగా జాగీరులకు గాని, నిజాము స్వంత భూములైన సర్ఫెఖాసుకు గాని చెందక, నేరుగా ప్రభుత్వ ఖజానాకు శిస్తు చెల్లించు భూమి. భగాయత్ యనగా తోటభూములు; పారసీకమున 'బాగ్' తోట. మూసీ ఒడ్డున నీటివసతి గల నేలకు ఆ పేరు తగియే యున్నది. కలాన్ యనగా పెద్దది. 2007లో మహానగరపాలక సంస్థలో కలియువరకు ఇచ్చటి పురపాలక సంఘపు పేరు ఉప్పల్ కలాన్ అనియే. ఇప్పుడు భగాయత్‌లో తోటలకు బదులు ఇండ్ల స్థలముల హద్దురాళ్లు కానవచ్చును. పేరు మాత్రము తోట పేరుగనే నిలిచినది. శిస్తు కట్టినవాడు తెలుగు రైతు, లెక్క వ్రాసిన భాష పారసీకము. మధ్య నున్న పట్వారీ రెండింటిని నాలుకపై నుంచుకొనెను. పదములు అట్లే చేతులు మారెను.

దీనికి పూర్వము గోలకొండ కథ యున్నది. 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులను ఆదరించిన ప్రభువు. మన కవులు ఆయనను మల్కిభరాముడని పిలిచి తమ వానిగా చేసికొనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. అదే కాలమున పటాన్‌చెరువులోని అమీనుఖానునకు పొన్నిగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రమును అంకిత మొనర్చెను. తత్సమములను విడిచి అచ్చతెనుగున వ్రాసిన మొదటి కావ్య మది. పారసీకము మాటలాడు దొర యొకడు అచ్చతెనుగు కావ్యమునకు కృతిపతి యగుట తలచుకొన్న కొలది ముచ్చటగా నుండును. 1591లో హైదరాబాదు వెలసిన పిమ్మట మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ భాషలో తానే కవిత చెప్పెను. రాజముద్ర గల ఫర్మానాలు పారసీకమునను తెలుగునను ప్రక్కప్రక్కన వ్రాయబడుచుండెను. కాగితముపై ప్రక్కప్రక్కన నుండిన భాషలు వీధిలో కలియకుండ నుండునా?

అయినను తెలుగు నాజూకు నేరుగా దర్బారునుండి దిగినదని మేము తలంపము. పారసీకమునను ఉర్దూలోను ఈ పదములోని ఉకారము హ్రస్వము, 'నాజుక్'. తెలుగున దీర్ఘము. మరాఠీలోను దీర్ఘమే, కన్నడమునను దీర్ఘమే. దఫ్తరులలో లెక్కలు వ్రాసిన మహారాష్ట్ర ఉద్యోగులు దక్కను అంతటను వ్యాపించి యుండిరి. తంజావూరిలో మరాఠా ప్రభువుల యేలుబడిలో తెలుగు సాహిత్యము వర్ధిల్లినది. కనుక ఈ మాట మరాఠీ చేతిమీదుగా మనకు అందినదని ఊహించుట యుక్తము. హైదరాబాదులో పుట్టిపెరిగిన ముసలివారు కొందరు నేటికిని ఉకారమును కుదించి 'నాజుక్' అందురు. కోస్తావారు నాజూకు అందురు. ఒకే పట్టణములో రెండు దారుల జాడలు ఒకే మాటలో వినబడుచున్నవి.

రేడియోలో పనిచేయువారము గనుక ఉచ్చారణ విషయమై నాలుగు మాటలు అదనముగా చెప్పుటకు శ్రోతలు అనుమతింతురు గాక. పారసీకపు 'నాజుక్'లోని నడిమి హల్లు మన తాలవ్య జకారము గాదు. నాలుక పండ్లకు చేరువగా నుంచి సన్నగా ఊదు ధ్వని అది. ఆ ధ్వని ఇతర భారతీయ భాషలలో పెక్కింటికి లేదు, అందుచే వారు దానిని గట్టి జకారముగా మార్చికొనిరి. తెలుగున దంత్య జకారము ముందే యున్నది. జొన్న, జల్లెడ అనునపుడు మనము పలుకునది అదియే. అందువలన రోజ్, బజార్, జోర్, అందాజ్, దర్వాజా వంటి పదములు మన యింటికి వచ్చినపుడు వానికి సిద్ధముగా ఒక పీట వేసి యుండెను. రోజు, బజారు, జోరు, అందాజు, దర్వాజ అని అవి చక్కగా కూర్చున్నవి. నాజూకు సైతము అట్లే. అయితే ఇకారము పరమైనచో దంత్యము నిలువదు. జిల్లా అనునపుడు తాలవ్యమే వచ్చును. వినికిడికి సన్నగా నుండు ఈ హల్లును నేటి పిల్లలు పుస్తకమును చూచి తాలవ్యముగా చదువుట పెరుగుచున్నది. 'నాజూకు'ను మోటుగా పలుకుట కన్న విపరీత మేమి గలదు? ఎవరైన క్రొత్తవారు ధ్వనిపరీక్షకు వచ్చినపుడు మేము వారి చేత జొన్నరొట్టె, రోజు, నాజూకు అను మూడు మాటలు పలికించి చూచుట కలదు.

ఇక అర్థము. నాజూకు రాకమునుపు తెలుగువారికి సుకుమారత తెలియదా యనినచో, తెలియకపోవుట కాదు, పదములు మితిమీరి యుండెను. సుకుమారము అనునపుడు మూలమున 'కుమార' శబ్దము కలదు; పసితనపు మెత్తదనము ఆ పదమున కాధారము. లలితమున ఆట కలదు. మృదువునందు ఒత్తిన నలుగు గుణము కలదు. అచ్చతెనుగున లేత, మెత్తన, పలుచన, నున్నన, అలతి యున్నవి. వీనిలో ఒకదాని గతి విచారింపదగినది. సంస్కృతమున 'పేలవ' మనగా అతి సుకుమార మని అర్థము. కాళిదాసు కుమారసంభవమున దిరిసెనపూవునకు వాడిన విశేషణ మిదియే. దిరిసెనపూవు మన కవులకు సుకుమారతను కొలుచు తూనికరాయి. అట్టి పేలవ శబ్దమును నేడు తెలుగున ఎట్లు వాడుచున్నాము? నటన పేలవముగా నున్నది, ఆట పేలవముగా సాగినది అనుచున్నాము. పస లేనిది, చప్పనిది అని అర్థము. సుకుమారమైనది కాలక్రమమున బలహీనమై, బలహీనమైనది పనికిరానిదైనది. సౌకుమార్యమును మెచ్చుకొను సంఘమే దానిని మెల్లగా ఎట్లు చులకన చేయునో ఈ యొక్క పదము చాటును.

నాజూకునకు ఆ గతి పట్టలేదు. కారణ మేమనగా, అది వస్తుగుణమును మాత్రమే గాక నడవడిని సైతము చెప్పుటకు నేర్చినది. సుకుమారముగా మాటలాడెను అన్నచో గొంతు మెత్తన యని తోచును. నాజూకుగా మాటలాడెను అన్నచో ఎదుటివాని మనసు నొవ్వకుండ, తన పని చెడకుండ మాటలాడెనని తోచును. నాజూకుగా తిట్టుట సాధ్యము. సుకుమారముగా తిట్టుట సాధ్యము కాదు. అనగా సంస్కృత పదములు పుట్టుకతో వచ్చిన మెత్తదనమును చెప్పగా, ఈ పరదేశి పదము అభ్యాసముచే వచ్చు నేర్పును చెప్పినది. దర్బారులోను, దఫ్తరులోను, బజారులోను నలుగురి మధ్య మెలగుటకు కావలసిన గుణమది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1852లో తన తెలుగు నిఘంటువును, 1854లో పరభాషా పదములకు ప్రత్యేకించిన మిశ్రభాషా నిఘంటువును అచ్చొత్తించెను. కచేరీ కాగితములు చదువవలసిన ఉద్యోగికి అట్టి పదములు లేక పని జరుగదని ఆయన గ్రహించెను. పండితులు పక్కకు నెట్టిన మాటలకు ఆ దొర ఒక యిల్లు కట్టించెననుట అతిశయోక్తి గాదు.

నాజూకునకు ఎదురుమాట మోటు. ముతక, గరుకు, బండ అనునవి దాని చుట్టములు. మోటువాని చేతికి మొగలిపూ విచ్చిన సామెత ఒకటి యున్నది. అది నాజూకైన సభలో పూర్తిగా చెప్పదగినది కాదు గనుక శ్రోతలే పూర్తి చేసికొందురు గాక. ఏది నాజూకు, ఏది మోటు అని నిర్ణయించు అధికార మెవరిది? హైదరాబాదులో ఈ ప్రశ్న ఒక దినమున నిండుసభలో లేచినది.

పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదమున హైదరాబాదు రాజ్యమున పారసీకమునకు బదులు ఉర్దూ రాజభాష యైనది. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయ మేర్పడినది. అంతకు ముందేడు ఒక అనువాదశాలను నెలకొల్పి శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చిరి. ఒక దేశభాషలో వైద్యమును, గణితమును బోధింపవచ్చునని చూపిన ఘనత ఆ సంస్థది, దానిని మేము కాదనము. కాని రాజ్యమున అధిక సంఖ్యాకులు మాటలాడు తెలుగునకు ఆ పీఠము దక్కలేదు. 'తెలంగీ బేఢంగీ' అను ఎకసెక్కెము ఆనాడు నగరమున వాడుకలో నుండెను. బేఢంగీ యనగా ఒక తీరు తెన్ను లేనిది. మోటు అను మాటకు ఉర్దూ వేసిన వేషమది.

1921 నవంబరులో హైదరాబాదు నగరమున సంఘసంస్కరణ మహాసభ జరిగెను. మహర్షి కార్వే అధ్యక్షులు. వక్తలు ఆంగ్లమున, ఉర్దూలో, మరాఠీలో ప్రసంగించిరి. సభ శ్రద్ధతో వినెను. అంతట ఆలంపల్లి వేంకటరామారావుగారు లేచి తెలుగున మాటలాడ నారంభించిరి. సభలో కొందరు అల్లరి చేసి, ఎగతాళి చేసి ఆ ప్రసంగమును సాగనీయలేదు. స్త్రీల చదువు గురించియు, సంఘపు మంచిచెడ్డల గురించియు మర్యాదగా చర్చింప వచ్చిన సభ యది. నజాకత్ నేర్చిన నగరపు పెద్దలు కూర్చున్న సభ. ఆ సభకు తన యింటి భాష మోటుగా తోచినది. నాడు మనసు నొచ్చినవారు కొందరు ఆ వెంటనే సమావేశమై ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారి వంటివారు దానిని పెంచిరి. 1930లో జోగిపేటలో అది నిజామాంధ్ర మహాసభయై పెద్ద రూపు దాల్చెను. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను ప్రారంభించిరి. తెలంగాణమున కవులు లేరన్న మాటకు బదులుగా 1934లో 350కి పైబడిన కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఒక నవ్వునకు వచ్చిన జవాబులివి.

గమనింపదగిన దేమనగా, ఆ మహనీయులు ఉర్దూను ద్వేషించినవారు గారు. వారిలో పెక్కురు ఉర్దూ, పారసీకములను బాగుగా నెరిగినవారే. తమ తెలుగులో నాజూకు, బందోబస్తు, దస్తూరి, తనఖా వంటి పదములున్నందుకు సిగ్గుపడలేదు. సిగ్గుపడవలసిన సందర్భము తరువాత వేరొక వైపు నుండి వచ్చినది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట పాఠ్యపుస్తకములలోను, పత్రికలలోను, మా రేడియోలోను సర్కారు జిల్లాల తెలుగు ప్రమాణమై కూర్చుండెను. తెలంగాణపు పలుకునకు మరల మోటుదన మంటగట్టబడినది. ఇందులో ఒక వింత కలదు. ఉర్దూ పదములు కలిసిన భాష యని నవ్వినవారే నాజూకు అను మాటను నిస్సంకోచముగా వాడుచుండిరి. అది వారి యింటికి మరాఠీ వాకిటి గుండ వచ్చినది గనుక పరదేశి యని వారికి తోచలేదు. 1935లో నిజాము ప్రభుత్వము చేపట్టిన దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసినది. ఆనాటి నుండి ఈ స్టుడియోలలో ఏ తెలుగు పలుకవలెనన్న వాదము మానలేదు. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన తరువాత వాదమునకు దిశ మారినది గాని వేడి తగ్గలేదు. మా అభిప్రాయ మడిగినచో, ఉప్పల్ సంతలో కూరగాయలమ్మ మాటలాడు తెలుగును నిలయములో కూర్చున్నవారు దిద్దవలసిన పని లేదు; ఆమె దంత్య జకారము మాలో పెక్కురి కన్న శుద్ధమైనది.

ఇట్లు చరిత్ర చెప్పుచు నేటి వాడుకను మరువరాదు. ఉప్పల్ క్రికెట్ మైదానమున 2005 నవంబరు 16న దక్షిణాఫ్రికాతో మొదటి అంతర్జాతీయ ఒకరోజు పోటీ జరిగినది. క్రికెట్ వ్యాఖ్యానము తెలుగున చెప్పువారికి నాజూకు పెన్నిధి వంటిది. హైదరాబాదు ఆటగాండ్ర మణికట్టు నేర్పు లోకప్రసిద్ధము. జయసింహ, అజారుద్దీన్, లక్ష్మణ్ బంతిని బాదుటకు బదులు దాని వేగమును దానికే అప్పగించి త్రోవ మళ్లించెడివారు. దానిని సున్నితముగా అన్నచో బలహీనముగా అన్నట్లుండును. సుకుమారముగా అన్నచో నవ్వు వచ్చును. నాజూకుగా అన్నచో బలమును దాచుకొన్న నేర్పు అని శ్రోత కన్నులకు కట్టును.

సున్నితము అను మాట యెత్తితిమి గనుక దాని సంగతియు చెప్పవలెను. ఉప్పల్ రోడ్డు మీద 1961లో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ స్థాపితమైనది. 1977లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రము వచ్చినది. ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియావారి శిక్షణాలయ మున్నది. ఈ మూడు చోట్ల సాధనము లన్నియు సున్నితములే. 1969 ఏప్రిల్‌లో భద్రాచల ప్రాంతమున భూమి కంపించినపుడు జనులకు తెలిసినది కొంత మాత్రమే. మానవుడు గుర్తింపలేని కంపములను సైతము భూకంపలేఖినులు నమోదు చేయును. భూమి అయస్కాంత శక్తిని నిత్యము కొలుచు పరిశీలనశాల యొకటి 1964 నుండి ఇచ్చట నడచినది. అట్టి శాలకు చుట్టుప్రక్కల ఇనుము కదలరాదు, పెద్ద విద్యుత్ప్రవాహ ముండరాదు. నగరము పెరిగినది. మెట్రో రైలుమార్గము ఆ సంస్థ ముంగిటనే వచ్చినది. స్టేషనుకు సంస్థ పేరే పెట్టిరి. 2017 నవంబరులో రైళ్లు నడువసాగెను. నగరపు రొద చేరని చౌటుప్పల్ వద్ద వేరొక పరిశీలనశాల నేర్పరచుకొనవలసి వచ్చినది. లక్షల జనులకు మేలైన రైలు, సాలెపోగు వంటి కొలతకు కీడు. ఎవరిని తప్పుపట్టుటకు వీలు లేదు. సాధన మెంత సున్నితమో దానికి అంత దూరపు నివాసము కావలెను.

ఈ సాధనముల నుండియే కాబోలు, సున్నితమునకు క్రొత్త అర్థములు పుట్టినవి. ఆంగ్లములోని ఒకే పదమునకు బదులుగా మేము వార్తలలో దీనిని వాడి వాడి అరుగదీసితిమి. సున్నితమైన విషయము అనగా మాటలాడరాని విషయ మైనది. సున్నితమైన ప్రాంతము అనగా పోలీసులను కాపుంచవలసిన ప్రాంత మైనది. ఒక బస్తీని ఈ పేరుతో పదిమార్లు వార్తలలో చదివినచో, అచ్చటి పిల్లకు సంబంధము చూడవచ్చువారు వెనుకాడుదురు. అచ్చట ఇల్లు అద్దెకు తీసికొనువాడు మరియొకమా రాలోచించును. నునుపైన మాట గనుక నింద తగిలినట్లు తెలియదు. గొడవ జరిగినచో గొడవ జరిగిన దనుట మేలు. ఊరిని సున్నిత మనుట మాకు సమ్మతము గాదు.

నాచారమునకు పోదము. స్వాతంత్ర్యానంతరము ఇచ్చటి పొలములలో పారిశ్రామికవాడ లేచినది. మందుల కర్మాగారములు, యంత్రపు విడిభాగముల కార్ఖానాలు, దుస్తులు కుట్టు శాలలు. ఈ ఊరనే రామకృష్ణా స్టుడియోలో తెర మీది నాయికల కొరకు నాజూకైన తోటలు పెంచిరి. కార్ఖానా గోడ కవతల చిత్రము వేరు. చిన్న చిన్న మాత్రలను లెక్కించి పేర్చుటకు, గుండీలు కుట్టుటకు స్త్రీల చేతులే తగునని యజమానులందురు. వారి వ్రేళ్లు నాజూకైన వందురు. ఇది మన దేశమున మాత్రమే గాదు, ఆసియా ఖండపు కార్ఖానాలు పెక్కింట వినబడు మాటయే. మెప్పువలె తోచును. కాని పుట్టుకతో వచ్చిన గుణ మన్నపుడు దానికి నేర్పరి కూలి ఈయనక్కరలేదు గదా! పురుషుడు యంత్రము త్రిప్పుట నేర్చినచో అది పని. స్త్రీ దారము ఎక్కించుట నేర్చినచో అది వ్రేళ్ల గుణము. ఆ వ్రేళ్లకు ఆ నేర్పు ఇంట కుట్టుపనిలోను, అంతకు మునుపు పొలములలో నారు నాటుటలోను వచ్చినది. మడిలో నడుము వంచి, నారుమొక్క వేరు తెగకుండ బురదలో నిలుపు చేతిని లోకము మోటుచేయి అన్నది. ఆ చేతినే కార్ఖానా వాకిటిలో నాజూకు చేయి అన్నది. కూలి మాత్రము రెండు చోట్లను తక్కువయే.

ఇటీవల స్త్రీల పుటలలోను, వ్యాయామశాలల ప్రకటనలలోను నాజూకు అనగా బక్కపలుచన అని మాత్రమే అర్థముగా మిగిలినది. నెలలో ఇన్ని కిలోలు తగ్గి నాజూకుగా మారుడని గోడలమీద వ్రాయుచున్నారు. నడవడికి, మాటకు, చేతిపనికి చెందిన మాట తూనికయంత్ర మెక్కి కూర్చున్నది. ఇది మాకు రుచింపదు.

చివరగా ఉర్దూలో ఉండి తెలుగులోనికి రాని అర్థ మొకటి. రోగి ప్రాణాపాయ స్థితిలో నున్నపుడు హైదరాబాదు ఉర్దూలో 'హాలత్ నాజుక్ హై' అందురు. నాచారములో కార్మిక బీమా ఆసుపత్రి యున్నది. అట్టి ఆసుపత్రుల వాకిట ఉర్దూ, తెలుగు మాటలాడు కుటుంబములు ఒకే బల్లమీద కూర్చుండి ఒకే తలుపు వైపు చూచుచుండును. ఉర్దూవారికి లోపలినుండి వచ్చు మాట, దారము సన్నగిలినది గాని తెగలేదన్నట్లుండును. మేము తెలుగు వార్తలలో వాడునది 'పరిస్థితి విషమముగా నున్నది' అని. విషమ మనగా సమము కానిది, ఎగుడుదిగుడైనది అని పదార్థము. కాని సంస్కృతము చదువని తల్లికి అందులో విషమే వినబడును. ఆ వాక్యము వినిన యిండ్లలో అప్పుడే శోకము మొదలగుట కలదు. ఆ అర్థములో నాజూకును తెలుగున వాడుదమా యనినచో, శ్రోతలు రోగి సన్నబడెనని అనుకొందురు. అందుచే మా వార్తావిభాగమున ఈ మధ్య కొందరు 'ప్రాణాపాయ స్థితి' అనుచున్నారు, కొందరు 'ఆరోగ్యము క్షీణించినది' అనుచున్నారు. ఆసుపత్రి వాకిట మాత్రము వైద్యుడును, కాపలావాడును, రోగి తమ్ముడును అందరును వాడునది 'సీరియస్' అను మాటయే. ఆ మాట విని, ఊరినుండి వచ్చిన ముసలమ్మ ప్రక్కవారిని అడుగును: "అంటే ఏంది బిడ్డా, బతుకుతడా?"